బొమ్మ సరిగా రావడం లేదు

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా టీవీలో బొమ్మ పాడైంది.

మా ఆయన టౌను బస్సు డ్రైవరు. పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, యూనిఫారం చొక్కా తలుపు వెనక తగిలించి, కంచం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారంటే ఇక లోకంతో పని లేదు. పొద్దుణ్ణించీ హారన్లూ తిట్లూ వినీ వినీ వచ్చిన మనిషి కదా అని మేమూ కదిలించేవాళ్ళం కాదు. మ్యాచ్ ఉన్న రోజైతే చెప్పనే అక్కర్లేదు. ఆ రోజూ మ్యాచే. ఆటగాడొకడు పరుగెత్తుతూ పరుగెత్తుతూ గళ్ళుగళ్ళుగా విడిపోయి, కాలొకచోట తలొకచోట ఆగిపోయాడు. తర్వాత తెరంతా నీలం. మధ్యలో 'సిగ్నల్ లేదు' అని అక్షరాలు.

"వాడి తల ఏమైందిరా?" అంది మా అత్తయ్య మంచం మీంచి.

"వానమ్మా. వాన తగ్గితే వస్తుంది."

వాన తగ్గింది. తల మాత్రం రాలేదు.

మర్నాడు ఆయన స్పానరు పట్టుకుని మేడెక్కారు. నన్ను మెట్ల మధ్యలో నిలబెట్టారు. మా అమ్మాయి కింద టీవీ ముందు కూర్చుని తెర మీద సిగ్నల్ ఎంతుందో అరుస్తుంది, అది నేను పైకి అరవాలి. ఆయన డిష్‌ని ఒక వెంట్రుకవాసి తిప్పుతారు. తిప్పిన కాసేపటికిగానీ బాక్సు కొత్త లెక్క చూపించదు. ఆ లెక్క నా దాకా వచ్చి, నేను పైకి పంపేలోపు ఆయన మరో వెంట్రుకవాసి తిప్పేసేవారు.

"ఎంతా?"

"నలభై అంటోంది!"

"ఇప్పుడా, ఇందాకటిదా?"

"ఇప్పుడంటే ఎప్పుడండీ?"

"నిన్ను అక్కడ పెట్టడం నాదే తప్పు!"

కింద మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక లెక్క చెప్పడం మానేసింది. మా అత్తయ్య దాన్ని కసిరి, తనే చదవబోయి, "ఏవో గీతలు కనిపిస్తున్నాయిరా, అంతే" అని కేకేసింది.

చివరికి దొంగ డిష్‌లో లేదని తేలింది. డిష్ దగ్గర వైరు బిగించే చోట కనెక్టరు చిలుం పట్టి పచ్చగా ఉంది. విప్పితే లోపల నుంచి నీళ్ళు కారాయి. ఆయన వైరు చివర కోసేసి, చాకుతో తోలు ఒలిచి, పై జల్లెడ తీగల్లో ఒక్కటి కూడా మధ్య రాగితీగకు తగలకుండా వెనక్కి మడిచి, కొత్త కనెక్టరు బిగించి, చుట్టూ నల్ల టేపు చుట్టారు. పనిలో ఉన్నప్పుడు ఆయన నాలుక చివర పళ్ళ మధ్య కనిపిస్తుంది. పెళ్ళైన కొత్తలో నాకది నచ్చేది. ఆ రోజు కూడా చూశాను.

బొమ్మ కడిగిన గాజులా వచ్చింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన చేతులు తుడుచుకుంటూ కూర్చుని చూశారు. ఇటు జరిగి చూశారు, అటు జరిగి చూశారు.

"ఇంకా సరిగా లేదు."

"బ్రహ్మాండంగా ఉంది నాన్నా!"

"ఎడమ పక్క మసగ్గా లేదూ? ఆ మూల స్కోరు వస్తూ పోతూ ఉంది."

నేను చూశాను. స్కోరు ఉంది. "ఉందండీ" అన్నాను.

"మీ ఇద్దరికీ ఏదైనా ఒకటే. వంట మాడినా బాగుందంటారు."

"వాడు చెప్పింది నిజమేనే" అంది మా అత్తయ్య. "నాకూ మసగ్గానే ఉంది. ఎప్పణ్ణించో చెబుతూనే ఉన్నాను, వినే నాథుడేడీ?"

అలా ఇల్లు రెండు పార్టీలైంది. తల్లీ కొడుకూ ఒకవైపు, నేనూ అమ్మాయీ ఒకవైపు.

ఆ నెలంతా ఆయనకి అదే పని. బాక్సు నుంచి టీవీకి వెళ్ళే వైరు మార్చారు. డిష్ మీద పావురాల రెట్ట కడిగారు. స్తంభం కదులుతోందని అడుగున సిమెంటు వేశారు. కంపెనీకి ఫోను చేస్తే, ఒకమ్మాయి తీయటి గొంతుతో బాక్సు ఆపి మళ్ళీ వేయమంది. ఆయన ఆపి వేశారు. ఆ అమ్మాయి, "ఇప్పుడెలా ఉంది సార్?" అంది. "నువ్వెలా ఉన్నావో బొమ్మా అలాగే ఉంది, కనిపించడం లేదు" అని పెట్టేశారు.

తర్వాత తప్పు పక్కింటి లెక్కల మాస్టారి చెట్టు మీదికి వెళ్ళింది. దాని కొమ్మ డిష్‌కి అడ్డమొస్తోందని ఈయన వాదన.

"మీ డిష్ ఇటు చూస్తోంది, మా చెట్టు అటుంది" అన్నారు మాస్టారు, గోడవతల నుంచి. "అడ్డమెలా వస్తుందయ్యా? ఏ కోణంలో?"

"కోణాలు మీ బళ్ళో చెప్పండి మాస్టారూ. నాకు స్కోరు కావాలి."

మాస్టారు మంచివారు కాబట్టి కొమ్మ కొట్టించారు. మేడ మీద వెలుతురు పెరిగింది. స్కోరు మాత్రం ఆయనకి కనబడలేదు.

అప్పుడిక మెకానిక్‌ని పిలిపించాం. నడివయసు మనిషి, పెద్దగా మాట్లాడడు. మేడెక్కి, చేతిలో ఏదో మీటరు పట్టుకుని డిష్ చుట్టూ తిరిగి, కిందికొచ్చి బాక్సు వెనక చూసి, నాలుగైదు ఛానళ్ళు తిప్పాడు.

"సిగ్నల్ ఫుల్లుగా ఉంది సార్. ఇంతకంటే మంచి బొమ్మ నా ఇంట్లో కూడా రాదు."

"మరి ఆ మూల?"

"ఏ మూల సార్?"

ఆయన విసురుగా లేచి వెళ్ళి, తెర ఎడమ పక్క మీద వేలు పెట్టారు. "ఇదిగో, ఇక్కడ. ఇక్కడేమన్నా కనిపిస్తోందా నీకు?"

మెకానిక్ ముందుకు వంగాడు. వేలి పక్కనుంచి చూస్తూ, బడిలో పాఠం చదివినట్టు స్కోరంతా చదివాడు. ఎవరు ఆడుతున్నారో, ఎన్ని బంతులు మిగిలాయో కూడా. చదివి, తను చదివింది సరిగ్గానే ఉందా అన్నట్టు మా అమ్మాయి వైపు చూశాడు. అది తలూపింది.

ఆయన వేలు తీయలేదు. తెర వైపు చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత నవ్వారు.

"సర్లే. నాకే నిద్ర చాలడం లేదు. నువ్వెళ్ళు నాయనా."

నేను మెకానిక్‌తో గేటు దాకా వెళ్ళాను. అతను సంచీ బండికి తగిలించుకుంటూ అడిగాడు.

"సారు ఏం చేస్తారమ్మా?"

"బస్సు నడుపుతారు."

హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించుకున్నాడు. సరిపోలేదని విప్పి మళ్ళీ బిగించుకున్నాడు. "వస్తానమ్మా" అని బండి తీశాడు.

నాకు ఏడుపు రావాలో, కాళ్ళు వణకాలో, ఏదో ఒకటి కావాలి కదా. ఏమీ కాలేదు. లోపలికొచ్చి, అంట్లు తోమాను. బెండకాయలు ముందేసుకుని, ముదురువేమో అని ఒక్కొక్కటీ చివర విరిచి చూసుకుంటూ కూర్చున్నాను. నా చేతులు ఎవరివో అయినట్టు చకచకా పని చేసుకుపోతున్నాయి.

మర్నాడు పనికి వెళ్ళలేదు. నేను చొక్కాల కార్ఖానాలో గుండీలు కుడతాను. అది మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం, బస్సుతో పని లేదు. ఆ రోజు మాత్రం మూడు వీధులవతల స్టాపు దాకా నడిచి, ఆయన బస్సు వచ్చేదాకా నిలబడి ఎక్కాను. ముందు సీటులో, అద్దం పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను చూడలేదు. నేను ఎక్కింది ఎడమ పక్కనుంచి.

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నడిపే బస్సు ఎక్కింది చాలా తక్కువ. ఎక్కినా కిటికీలోంచి ఊరు చూశాను తప్ప ఆయన్ని చూడలేదు. ఇప్పుడు చూశాను. ఆయన మెడ ఊరుకోవడం లేదు. ప్రతి మలుపు దగ్గరా తల ఎడమకు తిప్పి, మళ్ళీ తిప్పి, భుజం కూడా తిప్పి చూస్తున్నారు. చూస్తున్నంతసేపూ బస్సు నెమ్మదిస్తోంది. వెనక ఎవరో, "ఎడ్లబండి నయం" అని విసుక్కున్నారు. నాకు ధైర్యం వచ్చింది. జాగ్రత్తగానే నడుపుతున్నారు కదా అనుకున్నాను.

సంత దాటాక వీధి ఇరుకు. ఎడమ పక్క సందులోంచి ఒక స్కూటరు వచ్చింది. నడుపుతున్నది ఒకావిడ. ముందు నిలబడి చిన్నపిల్ల. దూరంగా ఉన్నప్పుడే నాకు కనబడింది. పిల్ల జడకు కట్టిన రిబ్బను రంగు కూడా తెలుస్తోంది. బస్సు మాత్రం నెమ్మదించలేదు. ఆయన తల నిటారుగా, రోడ్డు కేసే ఉంది. నేను కేక వేయాలి. నోరు తెరిచాను. ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను.

బస్సులో జనం అరిచారు. ఆయన కాలు బ్రేకు మీద పడింది. స్కూటర్ని చూసి కాదు, ఆ అరుపులు విని.

మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరిదో టిఫిను డబ్బా దొర్లుకుంటూ నా కాళ్ళ దాకా వచ్చింది. స్కూటరు బస్సు మూతి ముందునుంచి జానెడు తేడాలో దాటిపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పిల్ల మాత్రం తిరిగి, మా అందరికీ చెయ్యి ఊపింది.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావయ్యా?" అని ఒక పెద్దాయన గట్టిగా అరిచాడు.

ఆయన పైనున్న అద్దంలోకి చూశారు, వెనక జనం ఎలా ఉన్నారో అని. అందులో నేను కనబడ్డాను. ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత ఆయన గేరు వేసి, మిగిలిన దారంతా నడిచే మనిషి వేగంతో పోనిచ్చారు. ఈసారి ఎవరూ విసుక్కోలేదు.

ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. కండక్టరు టీ తాగడానికి వెళ్ళాడు. నేను దిగలేదు. ఆయన సీటు కిందినుంచి గుడ్డ తీసి, ముందు అద్దం లోపలి వైపు తుడవడం మొదలుపెట్టారు.

"ఎందుకెక్కావు?"

"ఊరికే."

"ఊరికే ఎవరెక్కుతారు, ఈ బస్సు?" ఇంకాసేపు తుడిచారు. "ఈ అద్దం బాగా గీతలు పడింది. వేరే బండి ఇమ్మని అడగాలి."

నేను అద్దం కేసి చూశాను.

"ఎండ కూడా ఎదురు కొడుతోంది."

ఆకాశం నిండా మబ్బు. ఆయనా చూశారు. గుడ్డ మడత పెట్టి, మళ్ళీ మడత పెట్టి, అరచేతిలో పట్టేంత చేసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పిల్ల ఉందా?" అన్నారు.

"ఎక్కడ?"

"స్కూటరు మీద. ఎవరో 'పిల్ల, పిల్ల' అంటూ అరిచారు."

"ఉంది. ముందు నిలబడింది."

ఆయన తలూపారు. కండక్టరు వచ్చి, మెట్టు మీద కాలు పెట్టి, "పోదామా అన్నా?" అన్నాడు. నన్ను చూసి, "వదిన ఇంకా దిగలేదే!" అని నవ్వాడు.

ఆయన తాళం చెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"డిపోకి ఫోన్ చెయ్యి తమ్ముడూ. ఇంకో డ్రైవర్ని పంపమను. నాకు ఒంట్లో బాగాలేదు."

"నీకా? బాగాలేదా?" అతను నమ్మలేదు. జ్వరం వచ్చినా, తండ్రి పోయిన మూడో రోజైనా బండెక్కిన మనిషి ఈయన. నా మొహం చూశాక మాత్రం ఫోను తీశాడు.

మేము వేరే బస్సులో ఇంటికొచ్చాం. కిటికీ పక్కన ఆయన్ని కూర్చోమన్నాను. "నువ్వు కూర్చో" అన్నారు. ఎవరమూ కూర్చోలేదు. ఇంటిదాకా పైన కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాం.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసావిడ. ఏవేవో యంత్రాల ముందు గడ్డం ఆనించమంది, చుక్కలు వేసి కూర్చోబెట్టింది, మళ్ళీ పిలిచింది. చివరికి ఒక కాగితం మా ముందు పెట్టింది. రెండు గుండ్రాలు, కంటికొకటి. వాటిలో చాలా భాగం నల్లగా ఉంది.

"కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందండీ. నొప్పి ఉండదు. అంచులనుంచి కొంచెం కొంచెంగా చూపు పోతుంది. అందుకే తెలియదు."

"నల్లగా ఏమీ లేదండీ నాకు" అన్నారు ఆయన. "అంతా కనిపిస్తోంది. టీవీలోనే కాస్త..."

"నల్లగా ఉండదు. పోయిన చోట ఏముండాలో మనసే అల్లేసుకుంటుంది. రోడ్డుంటే రోడ్డు అల్లుకుంటుంది."

నేను స్కూటరు మీది పిల్ల గురించి ఆలోచించాను. ఆయనా అదే ఆలోచిస్తున్నారని తెలుసు. ఇద్దరం ఆ కాగితం కేసే చూస్తున్నాం.

"మందులతో మళ్ళీ వస్తుందా?"

"పోయింది రాదండీ. ఉన్నది పోకుండా చూసుకుందాం. రోజూ చుక్కలు, మానకూడదు."

"మరి బండి?"

డాక్టరమ్మ సమాధానం చెప్పబోయి నా వైపు చూసింది. నేనే చెప్పాలేమో అన్నట్టు.

"వద్దండీ" అంది ఆవిడే. తర్వాత గబగబా, "ఇంట్లో ఇంకెవరికైనా చూపు ఇబ్బంది ఉందా? ఇది కుటుంబాల్లో వస్తుంది" అంది.

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

రెండు రోజుల తర్వాత మా అత్తయ్యను తీసుకెళ్ళాం. ఆవిడకి ఆయనకంటే ఎక్కువే పోయింది. గడపలు తగులుతుంటే, చెంబులు తన్నుకుంటుంటే ముసలితనం అనుకున్నాం, ఒక్కోసారి నేను విసుక్కున్నాను కూడా. డాక్టరమ్మ చెప్పిందంతా విని ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనప్పుడే చెప్పానుగా, బొమ్మ సరిగా రావడం లేదని" అంది. "మీరంతా టీవీ బాగుచేస్తూ కూర్చున్నారు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. ఆయన ఆపుకోలేదు. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ ఎప్పుడు కూలబడ్డారో, మెట్టు మీద కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకున్నారు. మా అత్తయ్య వెతుక్కుంటూ వచ్చి ఆయన తల మీద చెయ్యి వేసింది. "నా కళ్ళే నీకూ ఇచ్చాను కదరా" అంది. నేను వాళ్ళ చెప్పులు దగ్గరికి జరిపి, మందుల చీటీ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. నా ముందున్న మనిషి చొక్కాకి వీపు మీద కుట్టు వంకరగా ఉంది. అదే చూస్తూ నిలబడ్డాను.

అమ్మాయికి కూడా పరీక్ష చేయించాం. దానికి ఏమీ లేదు. ఏడాదికోసారి మాత్రం చూపించుకోమన్నారు. ఆ మాట విన్నాక ఆయన దానికి ఐస్‌క్రీం కొనిపెట్టారు. ఇంటికొచ్చి బాక్సు ప్లగ్గు పీకేశారు.

"ఎందుకు నాన్నా?"

"కొన్నాళ్ళు వద్దులే."

ఆ కొన్నాళ్ళు మా ఇంట్లో చప్పుడు లేదు. ఉదయం, సాయంత్రం తల్లీ కొడుకూ ఒకే మంచం మీద వెల్లకిలా పడుకునేవారు. నేను ఇద్దరికీ చుక్కలు వేసేదాన్ని. "మండుతోందే" అనేది ఆవిడ. కళ్ళు మూసుకున్నాక మందు చెంపల మీదికి కారేది, తుడిచేదాన్ని. వంట, గుండీలు, చుక్కలు. కార్ఖానాలో నా పక్కన కూర్చునే ఆవిడ ఒకరోజు, "మీ ఆయన సంగతి విన్నాను, నువ్వెలా ఉన్నావు?" అని అడిగింది. "బాగున్నాను" అన్నాను. అబద్ధం కాదు. ఎక్కడ తడిమినా నాకేమీ నొప్పి తగల్లేదు.

తెల్లవారకముందే ఆయన మాత్రం లేచేవారు. లేచి, స్నానం చేసి, చేయడానికేమీ లేక మేడ మెట్ల మీద కూర్చునేవారు. మొదటి బస్సు మా వీధి చివర మలుపు తిరిగే చప్పుడు వినబడితే, "వీడు గేరు నలిపేస్తున్నాడు" అనేవారు తనలో తాను.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో డిపో నుంచి కబురొచ్చింది. బస్టాండులో మైకు దగ్గర పని ఇస్తారట. ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఆగిందో చెప్పే పని. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "స్టీరింగ్ పట్టిన చేత్తో మైకు పట్టుకోమంటారా?" అన్నారు. రెండు పూటలు అన్నం సరిగా తినలేదు.

"చెయ్యరా" అంది మా అత్తయ్య. "నీ గొంతు బాగుంటుంది. నన్ను వినిపించుకున్నవాళ్ళు ఎలాగూ లేరు, నువ్వు చెబితే ఊరంతా వింటుంది."

ఆయన మొదటిరోజు పనికెళ్ళిన పొద్దున నేను కూరల కోసమని బయల్దేరి, తెలియకుండానే బస్టాండుకి వెళ్ళాను. సిమెంటు బల్ల మీద ఖాళీ ఉంటే కూర్చున్నాను. పొగ, జనం, మూటలు. పైన స్తంభానికి కట్టిన మైకు గరగరమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

తర్వాత ఆయన గొంతు వచ్చింది. సంత మీదుగా పోయే బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫాం దగ్గర ఉందనీ, ప్రయాణికులు త్వరగా ఎక్కాలనీ. మొదట బిగుసుకుపోయి చదివారు. రెండోసారి కాస్త వదులైంది. మూడోసారికి, ఎవరూ రాసివ్వని మాట ఒకటి కలిపారు. "ముసలివాళ్ళని ముందు ఎక్కనివ్వండి, బస్సు ఎక్కడికీ పారిపోదు."

జనం నవ్వారు. సంత మీదుగా పోయే బస్సు నిండింది. కొత్త డ్రైవరెవరో ఎక్కి కూర్చున్నాడు. అది కదిలింది, నా ముందునుంచే మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆ వానాకాలమంతటిదీ ఒక్కసారిగా వచ్చింది. కూరల సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పక్కన కూర్చున్న ముసలమ్మ కంగారు పడి, నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఏమైంది తల్లీ? బస్సు తప్పిపోయిందా?"

అవునని తలూపాను.

"దానికి ఏడుస్తారా ఎవరైనా? ఉండు, ఇంకోటి ఎప్పుడుందో ఆ మైకు ఆయన్ని అడిగొస్తాను" అని, నేను వద్దంటున్నా వినకుండా, కర్ర పట్టుకుని లేచి ఆయన ఉన్న గది వైపు నడిచింది.